బయటివాళ్ళు అనే మాట గురించి

(సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరిక మీద ప్రచురిస్తున్నాం.)



బోనస్ సంగతీ, గ్రాట్యుటీ కేసుల సంగతీ అచ్చు వేసిన నివేదికలో ఉన్నాయి. చదువుకోండి, ప్రశ్నలుంటే చివర్లో అడగండి. ఇప్పుడు మాట్లాడవలసింది మీలో చాలామంది సంతకాలు పెట్టి కమిటీకి ఇచ్చిన మహజరు గురించి. హాస్టళ్ళలో పెట్టి పని చేయిస్తున్న ఒడిశా, జార్ఖండ్, అస్సాం వాళ్ళను తీసేసి, ఆ పనులు ఇక్కడివాళ్ళకే ఇవ్వాలని సంఘం యాజమాన్యాన్ని అడగాలని అందులో రాశారు. అడగకపోతే ఈ సంఘం ఎందుకు అని కూడా చివర్లో ఒక ముక్క రాశారు. రాసినందుకు మాకు కోపం లేదు. వెనకాల గొణుక్కోవడం కంటే కాగితం మీద రాసి సంతకం పెట్టడం మేలు.

రెండో సంగతి కూడా మీకందరికీ తెలుసు. రెండు నెలల కింద, మన సభ్యులు ఎక్కువగా బాడుగకుండే ఒక వఠారంలో మూడు సెల్‌ఫోన్లు పోయాయి. ఆ రాత్రే ఎవరో అన్నారట, "ఇంకెవరు, ఆ ఒరియా వాళ్ళే" అని. చూసినవాడు లేడు, సాక్ష్యం లేదు. మేడ మీద గదిలో షిఫ్టు నుంచి వచ్చి అన్నం వండుకుంటున్న ఇద్దరు పిల్లలు చేతికి చిక్కారు. ఒకడికి మణికట్టు విరిగింది. ఇ.ఎస్.ఐ.కి తీసుకుపోతే కార్డు లేదు. కాంట్రాక్టరు వాడి పేరే ఎక్కించలేదు. ఫోన్లు ఎవరు తీశారో ఇవాళ్టికీ తేలలేదు. కొట్టినవాళ్ళలో మన సభ్యులు నలుగురున్నారు. వాళ్ళ మీద కమిటీ విచారణ వేసింది. దాని మీద గేటు దగ్గర గొడవ: "మనవాళ్ళ మీద మనమే విచారణ వేస్తామా? వాళ్ళేమన్నా సంఘంలో ఉన్నారా, చందా కట్టారా?"

మహజరూ, ఆ రాత్రి పడిన దెబ్బలూ వేరు వేరు కావు. రెంటికీ కలిపే జవాబు చెబుతాం.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. మీ కష్టం అబద్ధం కాదు. ఈ ఊళ్ళో మిల్లు కార్మికుడి కథ మీకు చెప్పాలా? 1884లో మొదలై, బిన్నీ కంపెనీ చేతికి పోయిన మిల్లు ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న జాగాలో మంత్రి మాల్. మినర్వా మిల్లును సర్కారు తీసుకుంది, సుప్రీంకోర్టులో 1980లో పెద్ద తీర్పే వచ్చింది, రాజ్యాంగం చదివే పిల్లలందరికీ ఆ మిల్లు పేరు కంఠతా వస్తుంది. మిల్లు మాత్రం లేదు. తండ్రి పర్మనెంటు, కొడుకు బదిలీ, మనవరాలు గార్మెంట్స్‌లో టార్గెట్ మీద. ఓవర్‌టైమ్ అడిగితే సూపర్‌వైజరు హాస్టల్ వైపు చెయ్యి చూపిస్తాడు, "మీరు చెయ్యకపోతే చేసేవాళ్ళున్నారు" అని. ఈ మాట పడినవాళ్ళకు కోపం రాకపోతే వాళ్ళకు ఒంట్లో ఉప్పూకారం లేనట్టే.

కాని ఆ మాట అన్నది సూపర్‌వైజరు. చెయ్యి విరిగింది ఒరియా పిల్లవాడికి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

మన తెలుగువాళ్ళ కథే ఒకటి చెప్పుకోవాలి. మనలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు, కోలారు వైపువాళ్ళం కనుక ఇది అంతగా విని ఉండం. శ్రీకాకుళం, విశాఖ వైపు ముసలివాళ్ళకు తెలుసు.

నూరేళ్ళ కిందట కోస్తా జిల్లాల కూలీకి పొట్టకూటి దేశం రంగూన్. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి పోయేవారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళను కోరంగీలు అన్నారు. రేవులో బస్తాలు మోసిందీ, రైసుమిల్లుల్లో పని చేసిందీ, రిక్షాలు లాగిందీ, ఊరు ఊడ్చిందీ చాలావరకు వాళ్ళే. తీసుకుపోయేవాడు మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చి అప్పులో కట్టేసేవాడు, కూలిలో తన వాటా ముందే కోసుకునేవాడు. ఇప్పటి కాంట్రాక్టర్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. బర్మావాడికి ఎట్లా ఉంటుందో కాస్త ఆలోచించండి. తన దేశపు పెద్ద పట్నంలో తనవాళ్ళే తక్కువ.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలకు సరుకెత్తే కంపెనీలు ఏం చేశాయి? బర్మా కూలీలను పిలిచి పనిలో పెట్టుకున్నాయి. కొన్నాళ్ళకు మనవాళ్ళతో రాజీ కుదిరింది, కొంత కూలి పెంచారు. మే 26న బర్మా కూలీలు ఎప్పటిలాగే పనికి వస్తే, మీరింక అక్కర్లేదు పొమ్మన్నారు. అవసరానికి పిలిచి, అవసరం తీరాక గేటు మూశారు. అట్లా తిరిగి పోతున్నవాళ్ళను చూసి మనవాళ్ళు ఎగతాళి చేశారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉంది కదా. అక్కడ ఏడవలేదు, కొట్టారు. గొడవ రేవు నుంచి ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన కూలీలే. గాయపడినవాళ్ళు వందల మంది. రేవు మొహం చూడనివాళ్ళు, సమ్మె సంగతే తెలియనివాళ్ళు కూడా మొహం చూసి గుర్తుపట్టినందుకు దెబ్బలు తిన్నారు.

తప్పు ఎవరిది? తెలుగువాడిని అడిగితే, "మేము కూలి కోసం సమ్మె చేస్తే వీళ్ళు మా సమ్మె విరగ్గొట్టడానికి వచ్చారు, చివరికి మమ్మల్నే చంపారు" అంటాడు. బర్మావాడిని అడిగితే, "మా ఊళ్ళో మాకు పని లేదు, ఎప్పుడో ఒకసారి దొరికితే కుక్కను తోలినట్టు తోలారు, పైగా వీళ్ళు నవ్వారు" అంటాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. అదే ఈ కథలో కష్టం. ఇద్దరి దగ్గరా దెబ్బలున్నాయి, ఇద్దరి దగ్గరా న్యాయం ఉంది. ఎవరి దెబ్బ పెద్దదో కొలిచి తేల్చుకుందామని కూర్చుంటే ఆ పంచాయతీ తెల్లవార్లూ జరుగుతుంది, పొద్దున మళ్ళీ ఇద్దరూ అదే గేటు ముందు నిలబడతారు.

ఈ కథ వినగానే మన సంఘాల ఉపన్యాసాల్లో వచ్చే మాట ఒకటుంది: "అంతా యాజమాన్యాల కుట్ర." మీరూ ఆ మాటే వస్తుందని కూర్చుని ఉంటారు. అది సగమే నిజం. రెండు గుంపులను ఒకే గేటు ముందు నిలబెట్టింది కంపెనీ. తిరిగి పోయేవాడిని చూసి నవ్వమని కంపెనీ చెప్పలేదు. ముసలీముతకల తలలు పగలగొట్టమని కంపెనీ చెప్పలేదు. ఆ చేతులు కూలివాళ్ళవి. మన వఠారంలో ఆ రాత్రి ఏ మేనేజరూ లేడు, ఏ కాంట్రాక్టరూ లేడు. తలుపు తన్నింది మన సభ్యుడి కాలు. అందుకే విచారణ. అన్నిటికీ పైవాడి పేరే చెప్పుకుంటూ పోతే, మనం చేసిన పని ఎన్నటికీ మన ఖాతాలో పడదు. మంచి పని చేసినా పడదు, అది గుర్తు పెట్టుకోండి.

రంగూన్‌లో 1938లో మళ్ళీ అల్లర్లు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలాదిమంది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చారు, దారిలో వేలమంది రాలిపోయారు. విశాఖలో కంచరపాలెం పోతే బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మన పిల్లలు ఓడలెక్కరు, విమానాలెక్కుతారు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో మన హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు "నా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపాడు. ఆ వార్త టీవీలో చూసి ఇక్కడ మన లైన్ ఇళ్ళలో కూడా ఆడవాళ్ళు కంట తడి పెట్టారు. మనకు ఆ అబ్బాయి ఏమవుతాడు? తెలుగువాడు, అంతే. అదే రోజు అక్కడ ఇయాన్ గ్రిల్లాట్ అనే ఇంకో తెల్లవాడు ఆ కాల్చేవాడికి అడ్డం పోయి తనూ తూటా తిన్నాడు. ఆ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది? కాల్చినవాడి రంగు గుర్తుంటుంది, అడ్డుపోయినవాడి రంగు మరిచిపోతాం. మన హాస్టల్లో కూడా ఇప్పుడు "తెలుగువాళ్ళంతా రౌడీలు" అనుకుంటున్నారట. చెయ్యి విరిగిన పిల్లవాడిని ఆ రాత్రి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోయింది మన తెలుగు సభ్యురాలే. ఆమె కూడా ఇప్పుడు రౌడీల లెక్కలోకే వచ్చింది.

శ్రీనివాస్ కోసం ఏడ్చాం, సరే. దానికి ఏడాది ముందు మన ఊళ్ళో ఏం జరిగింది? 2016 అనే ఒక్క సంవత్సరాన్ని తీసుకోండి. ఈ బెంగుళూరును అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క సంవత్సరం చాలు.

జనవరి 31. హెసరఘట్ట వైపు సూడాన్ దేశపు విద్యార్థి ఒకడు నడిపిన కారు కింద పడి ఒక స్త్రీ చనిపోయింది. అది ఘోరమే. అరగంట తర్వాత అదే దారిన ఇంకో కారులో టాంజానియా దేశపు అమ్మాయి ఒకతె వచ్చింది. ఆ దేశం వేరు, ఈ దేశం వేరు. ఆ కారుకూ ఈ కారుకూ సంబంధం లేదు. గుంపు ఆమెను బయటికి లాగింది, కొట్టింది, బట్టలు చింపింది, కారు తగలబెట్టింది. ఒంటి రంగు ఒకటే కదా, ఇంక విచారణ ఎందుకు? మన వఠారంలో జరిగిందానికీ దీనికీ తేడా ఎంతో మీరే చెప్పండి. తప్పు చేసినవాడికి ఒక పేరుంటుంది, ఒక మొహం ఉంటుంది. ఆ పేరు దొరక్కపోతే వాడి భాషనూ, రంగునూ దొంగను చేసేస్తారు. ఒరియా వాళ్ళలో దొంగలుండరా అని అడుగుతున్నారు. ఉంటారు, ఎందుకుండరు, మనలో లేరా? పోలీస్ స్టేషన్ ఉన్నది దానికే.

ఏప్రిల్ 18. అదే సంవత్సరం, అదే ఊరు. ప్రావిడెంటు ఫండులో యజమాని కట్టిన వాటాను 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని ఢిల్లీ ఫిబ్రవరిలో కొత్త నిబంధన తెచ్చింది. గార్మెంట్స్‌లో పని చేసే ఆడవాళ్ళకు పి.ఎఫ్. అంటే ముసలితనపు డబ్బు కాదు. బిడ్డ పెళ్ళి, మొగుడి ఆపరేషన్, ఊళ్ళో ఇంటి పైకప్పు. ఎవరూ పిలుపు ఇవ్వలేదు, ఏ పెద్ద సంఘమూ ముందుండి నడపలేదు. ఫ్యాక్టరీల నుంచి లేచి వచ్చేశారు. హోసూరు రోడ్డు ఆగిపోయింది, పీణ్య వైపు తుముకూరు రోడ్డు ఆగిపోయింది. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, అన్నీ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. లాఠీలు తిన్నారు, కేసులు పడ్డాయి. బస్సులు కూడా తగలబడ్డాయి, అది మేము మెచ్చుకోము. కాని రెండో రోజు, 19వ తేదీన, కేంద్ర కార్మిక మంత్రి ఆ నిబంధన వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించాడు. ఆ మంత్రి మన హైదరాబాదువాడే, బండారు దత్తాత్రేయ. ఆ రెండు రోజులు రోడ్డు మీద కూర్చున్నవాళ్ళలో ఎవరైనా పక్కదాన్ని "నీది ఏ ఊరు, ఎన్నేళ్ళయింది వచ్చి" అని అడిగి ఉంటారా? దేశంలో ఎంతమంది పి.ఎఫ్. దారులున్నారో అందరికీ అది దక్కింది.

సెప్టెంబరు 12. కావేరి నీళ్ళ మీద సుప్రీంకోర్టు ఉత్తర్వు. తమిళనాడు నంబరు ప్లేటు కనిపిస్తే చాలు, బస్సులు, లారీలు తగలబెట్టారు. నాయండహళ్ళి దగ్గర ఒక్క డిపోలోనే ముప్ఫైకి పైగా బస్సులు బూడిదయ్యాయి. పోలీసు కాల్పులు, చావులు. పదహారు పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ. ఏ పేటల్లో? పీణ్య, రాజగోపాలనగర్, కామాక్షిపాళ్య, మాగడి రోడ్డు. అన్నీ కార్మికులు ఉండే పేటలే. ఏప్రిల్‌లో ఇదే పీణ్య వైపు ఆడవాళ్ళు చేతులు కలిపి రోడ్డు మీద కూర్చున్నారు. అయిదు నెలలు కూడా నిండలేదు. కర్ఫ్యూలో కూలి పోయింది కన్నడ కార్మికుడికీ, తమిళ కార్మికుడికీ, మనకూ. కావేరి తీర్పు 2018 ఫిబ్రవరి 16న వచ్చింది. కర్ణాటకకు 14.75 టి.ఎం.సి. అదనంగా ఇచ్చారు, అందులో 4.75 బెంగుళూరు తాగునీటికి. అది లాయర్లు, ఇంజనీర్లు లెక్కలు చూపించి తెచ్చింది. బస్సు తగలబడినందుకు ఒక్క బిందె నీళ్ళు రాలేదు.

1991 డిసెంబరులో కావేరి పేరు మీద తమిళుల ఇళ్ళు, అంగళ్ళు తగలబెట్టారు, వేలమంది కట్టుబట్టలతో పోయారు. 1994 అక్టోబరులో దూరదర్శన్‌లో పది నిముషాల ఉర్దూ వార్తల మీద గొడవ, ఇరవై మందికి పైగా చనిపోయారు. 2012 ఆగస్టులో ఒట్టి పుకారు మీద, సెల్‌ఫోన్లో తిరిగిన నాలుగు వాక్యాల మీద, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు వేలమంది గౌహతి స్పెషల్ రైళ్ళెక్కి పోయారు. 2016లో మళ్ళీ తమిళులు. మన వంతు రాలేదు. ఎందుకు రాలేదు? మనం మంచివాళ్ళమనా? కృష్ణా నది కూడా ఉంది. ఆల్మట్టి డ్యాము ఎత్తు 524 మీటర్లకు పైగా పెంచుకోవచ్చని రెండో కృష్ణా ట్రిబ్యునల్ 2010లో చెప్పింది. ఆంధ్రా, తెలంగాణ ఒప్పుకోలేదు. ఏదో ఒక రోజు దాని మీద ఒక ఉత్తర్వు వస్తుంది. ఆ సాయంత్రం మన బండ్ల నంబర్లు ఎవరూ చూడరని రాసిచ్చినవాడు లేడు. ఆ రోజు పక్కింటి కన్నడ కార్మికుడు మన గుమ్మంలో అడ్డం నిలబడాలని మనం కోరుకుంటాం. ఒరియా పిల్లల గుమ్మంలో అడ్డం నిలబడని మనకు ఆ ఆశ ఎట్లా ఉంటుంది?

ఇక "ఇక్కడివాళ్ళు" అనే మాట. మహజరులో ఆ మాట రాసిన తమ్ముళ్ళు ఎవరో గాని, చట్టం చదివి రాసి ఉండరు. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లు ఆమోదించింది. ఫ్యాక్టరీల్లో మేనేజరు స్థాయి ఉద్యోగాల్లో సగం, మిగతావాటిలో నూటికి 70 స్థానికులకే. పెద్ద కంపెనీలు గోల పెట్టేసరికి ఒకటి రెండు రోజుల్లోనే పక్కన పెట్టారు. దాంట్లో స్థానికుడు అంటే ఎవరో చూశారా? ఈ రాష్ట్రంలో పుట్టి, 15 ఏళ్ళు ఇక్కడ ఉండి, కన్నడం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చినవాడు. స్కూల్లో కన్నడం చదవకపోతే పరీక్ష పాసు కావాలి. మనలో ఎంతమంది పాసవుతాం? ముత్తాత బిన్నీ మిల్లులో నూలు వడికినా, కన్నడం రాయడం రాకపోతే ఆ పట్టికలో ఉండడు. మన మహజరు యాజమాన్యం చేతికి పోతే, ఒరియావాళ్ళను తీసే గేటు నుంచే మనల్నీ తీస్తారు.

ఈ పదిహేనేళ్ళ లెక్క మనకు కొత్తది కాదు. నిజాం కాలంలో 1919 నాటి ముల్కీ నిబంధనల్లోనూ పదిహేనేళ్ళే. 1952లో హైదరాబాదులో "గైర్ ముల్కీ గో బ్యాక్" అన్నది తెలుగువాళ్ళను కూడా కలిపే. 1969లో ఇరువైపులా తెలుగువాళ్ళే. అక్కడ కూడా ఉద్యోగాలు పోయినవాళ్ళ బాధ నిజమైనదే, మేము దాన్ని తీసిపారేయడం లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ కూడా ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో నూటికి 75 స్థానికులకే అని చట్టం చేసింది. అంటే మన సొంత రాష్ట్రం గేటు దగ్గర ఒరియావాడిని ఆపితే మనకు న్యాయం, ఇక్కడి గేటు దగ్గర మనల్ని ఆపితే అన్యాయం. బొంబాయి సంగతి కూడా వినండి. అక్కడి మిల్లుల్లో తెలంగాణ పద్మశాలీలు తరాల తరబడి పని చేశారు. 1966లో శివసేన పుట్టి దక్షిణాదివాళ్ళు ఉద్యోగాలు తన్నుకుపోయారంది. 1982లో రెండు లక్షల మందికి పైగా మిల్లు కార్మికుల సమ్మె ఓడిపోయి, మిల్లులు ఒక్కొక్కటే మూతపడినప్పుడు రోడ్డున పడ్డది ఎవరు? ఎక్కువమంది మరాఠీ కార్మికులే. దక్షిణాదివాళ్ళను తిట్టినందువల్ల ఒక్క మిల్లు గేటు తెరుచుకోలేదు. ఆ జాగాల్లో ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులు.

"వాళ్ళు సంఘంలో లేరు, రేపు సమ్మె చేస్తే పనికి పోతారు" అన్నది మీ బలమైన మాట. దానికి జవాబుగా మద్రాసు సంగతి చెప్పాలి. బిన్నీ కంపెనీదే బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు. 1918లో దేశంలోనే మొదటి సంఘాల్లో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియన్ అక్కడ పుట్టింది. 1921లో పెద్ద సమ్మె జరిగితే ఆది ద్రావిడ కార్మికులు చాలామంది పనికి పోయారు. పులియాంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, సమ్మె ఓడిపోయింది. "సమ్మె విరగ్గొట్టింది వాళ్ళు" అని ఒక మాట మిగిలింది. కాని మిల్లు గేటు బయట ఆ ఆది ద్రావిడుడిని సమ్మె చేసినవాళ్ళు ఏ బావి దగ్గర నీళ్ళు తోడుకోనిచ్చారు? ఏ వీధిలో ఇల్లు ఇచ్చారు? సమ్మెనాడు మాత్రం తమ్ముడూ అంటే వాడు ఎట్లా నమ్ముతాడు? ఇప్పటికీ మన వఠారాల్లో బాడుగకు ఇల్లు అడిగితే ముందు కులం అడుగుతారు. అడిగేవాళ్ళలో మన సభ్యులూ ఉన్నారు, అది వాళ్ళకూ తెలుసు, మాకూ తెలుసు.

హాస్టల్ పిల్లలు చవక ఎందుకు? వాళ్ళ చేతులు మన చేతుల కంటే వేగమా? కాదు. ఉద్యోగం పోతే పడుకునే చోటు కూడా పోతుంది. ఆదివారం తప్ప గేటు దాటనివ్వరు. తిండికీ, బసకూ జీతంలో కోస్తారు. లేబరు ఆఫీసు ఎక్కడో తెలియదు, భాష రాదు. అందుకే వాళ్ళు కావాలి. వాళ్ళకు మన హక్కులు వస్తే సూపర్‌వైజరుకు చెయ్యి చూపించడానికి హాస్టలుండదు. వలస కార్మికుడికి అదే పనికి స్థానికుడితో సమానంగా కూలి ఇవ్వాలని 1979లోనే పార్లమెంటు చట్టం చేసింది. అది కాగితం మీద ఉన్నంతకాలం మన కూలి కూడా కిందికే జారుతుంది. వాళ్ళను పంపించేస్తే ఏమవుతుంది? వాళ్ళకంటే దిక్కులేనివాళ్ళను ఇంకా దూరం నుంచి తెస్తారు.

కన్నడ కార్మికుల మాట కూడా ఒకటి చెప్పి ముగిస్తాం. 2011 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో కన్నడం మాతృభాష అన్నవాళ్ళు సగం కంటే తక్కువ. రంగూన్‌లో బర్మావాడి సంగతి ఇందాక చెప్పుకున్నాం, మళ్ళీ చెప్పనక్కర్లేదు. యాద్గిర్, రాయచూరు నుంచి వచ్చిన పిల్లవాడు సొంత రాష్ట్ర రాజధానిలో బ్యాంకుకు పోయి కన్నడంలో అడిగితే జవాబు రాకపోతే వాడికి మండదా? ఇన్ని తరాలు ఈ నీళ్ళు తాగి మనం కన్నడ అక్షరాలు నేర్చుకోకపోవడానికి సాకు లేదు. పరీక్ష కోసం కాదు, పక్కింటివాడి కోసం.

ఇవీ కమిటీ నిర్ణయాలు. మహజరును యాజమాన్యానికి పంపము. దాని బదులు హాస్టల్ కార్మికులందరికీ నియామక పత్రం, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్., సమాన కూలి, సెలవు రోజున స్వేచ్ఛగా బయటికి పోయే హక్కు కోరుతూ డిమాండు నోటీసు ఇస్తాం. ముసాయిదా మీ చేతుల్లో ఉంది, ఓటు వేయండి. ఓడిస్తే ఓడించండి, మినిట్స్‌లో రాసుకుంటాం. నలుగురి మీద విచారణ మాత్రం ఓటుకు పెట్టము. దెబ్బ తిన్న పిల్లవాడి పరిహారం కేసు సంఘం లాయరే చూస్తాడు. నలుగురూ విచారణలో తమ మాట చెప్పుకోవచ్చు, వాళ్ళ తరఫున ఒక సభ్యుణ్ణి తెచ్చుకోవచ్చు. పిల్లవాడి మాట ఒరియాలోనే వింటాం, తెలుగులోకి చెప్పడానికి మనిషిని మాట్లాడాం.

కన్నడం తరగతులు వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి సంఘం ఆఫీసులో, పొద్దున పది గంటలకు. పలక, పుస్తకం సంఘమే ఇస్తుంది. హాస్టల్ పిల్లలకు సెలవు దొరికేది కూడా ఆదివారమే. వాళ్ళు కూడా వస్తామన్నారు. బెంచీలు చాలవు, ఇళ్ళ నుంచి చాపలు తెచ్చుకోండి.